ఎగ్జాస్ట్ బ్రేకు, డీపీఎఫ్: లారీవారి ప్రశ్నలకు సమాధానాలు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలు ఎక్కువగా రెండు భాగాల చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బండిని పట్టి ఉంచే ఎగ్జాస్ట్ బ్రేకు. రెండవది 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన బీఎస్ 6 కాలుష్య నిబంధనలతో మన లారీల పొగగొట్టంలో చేరిన మసి వడపోత, అందరూ డీపీఎఫ్ అని పిలిచేది. రెండూ ఒకే గొట్టం మీద ఉండటంతో ఒకదాని తప్పును రెండవదాని మీదకు నెట్టడం షెడ్లలో మామూలైపోయింది. అందుకని ఈ సంచికలో విశాఖపట్నం, దాని చుట్టుపక్కల ఊళ్ల నుండి వచ్చిన ఆరు ఉత్తరాలను తీసుకుని, ఈ విషయం మీదే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను అరకు నుండి విశాఖపట్నానికి కాఫీ బస్తాలు దించే బీఎస్ 6 లారీ నడుపుతున్నాను. అనంతగిరి ఘాట్‌లో ఎగ్జాస్ట్ బ్రేకు వేయవద్దని, వేస్తే పొగ వెనక్కి తన్ని డీపీఎఫ్ పగిలిపోతుందని మా యజమాని అంటున్నారు. కాలి బ్రేకు మీదే దిగితే శృంగవరపుకోట చేరేసరికి డ్రమ్ముల నుండి పొగలు వస్తున్నాయి. ఏది నిజం?
లారీ డ్రైవరు, శృంగవరపుకోట

జవాబు: మీ యజమాని భయానికి ఆధారం లేదు. అదెందుకో తెలియాలంటే ఎగ్జాస్ట్ బ్రేకు ఎక్కడ ఉంటుందో ముందు చూడాలి. ఇంజిన్ నుండి వచ్చిన పొగ టర్బోను, అంటే ఆ పొగ తోపుతోనే తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే చక్రాన్ని, దాటి బయటపడే చోట, గొట్టం లోపల గుండ్రటి రేకు ఒకటి ఇరుసు మీద తిరిగేలా అమర్చి ఉంటుంది. మీరు స్విచ్ వేయగానే ఆ రేకు అడ్డం తిరిగి గొట్టాన్ని దాదాపుగా మూసేస్తుంది, అదే క్షణంలో ఇంజిన్‌కు డీజిల్ కూడా ఆగిపోతుంది. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది చక్రాలే. పిస్టన్లు పైకి లేచి లోపలి గాలిని బయటకు నెట్టబోతే దారి మూసి ఉంటుంది కాబట్టి, ఆ ఒత్తిడికి ఎదురు తోయవలసి వస్తుంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి పంపు కొట్టి చూసినవారికి ఈ ఎదురు తోపు ఎంత బలంగా ఉంటుందో చేతికి తెలిసే ఉంటుంది. ఆ శ్రమే చక్రాల వేగాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ మీ యజమానికి చెప్పవలసిన మాట ఒకటుంది. ఆ ఒత్తిడి ఇంజిన్‌కూ రేకుకూ మధ్యనే నిలుస్తుంది, డీపీఎఫ్ రేకుకు అవతల ఉంటుంది. తలుపు మూసి ఇవతల ఎంత తోసుకున్నా అవతలి గదిలో గోడకు దెబ్బ తగలదు. కొన్ని ఇంజిన్లలో విడిగా రేకు లేకుండా టర్బో లోపలి రెక్కలే ముడుచుకుని ఈ పని చేస్తాయి. అక్కడా డీపీఎఫ్ ఉండేది అవతలి పక్కనే.

పైగా డీజిల్ ఆగి ఉన్నంతసేపు లోపల మండేది ఏమీ లేదు గనుక మసి పుట్టదు. ఎగ్జాస్ట్ బ్రేకు మీద దిగిన ప్రతి కిలోమీటరూ డీపీఎఫ్‌కు ఒక విధంగా విశ్రాంతే. అయితే బండి తన మసిని తాను కాల్చుకుంటున్న సమయంలో పొడవైన దిగుడు తగిలితే వేడి పడిపోయి ఆ పని మధ్యలో ఆగిపోవచ్చు. దానికి కంగారు పడనవసరం లేదు, మైదానంలోకి వచ్చి ఇంజిన్ మీద బరువు పడ్డాక మళ్లీ మొదలవుతుంది. నిజానికి రేకు మూసి దిగితే చల్లగాలి డీపీఎఫ్‌లోకి అంతగా పారదు కాబట్టి, తెరిచి దిగినప్పటి కంటే లోపలి వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇక మీ డ్రమ్ముల సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. లెక్క వేసి చూపిస్తాను. బరువుతో కలిపి 18.5 టన్నులున్న రెండు ఇరుసుల లారీ 700 మీటర్ల ఎత్తు నుండి దిగిందనుకుందాం. ఆ దిగుడులో ఎక్కడో ఒకచోట వేడిగా మారవలసిన శక్తి సుమారు 12.7 కోట్ల జౌళ్లు. 430 లీటర్ల నీటిని, అంటే రెండు డీజిల్ పీపాల కంటే ఎక్కువ నీటిని, 30 డిగ్రీల నుండి మరిగేదాకా కాచడానికి అది సరిపోతుంది. ఇందులో కొంత టైర్లు, గాలి తీసుకున్నా, ఎగ్జాస్ట్ బ్రేకు లేకుండా దిగితే మిగిలిన వేడిలో పెద్ద వాటా డ్రమ్ముల మీదే పడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్ల నుండి దూరం జరుగుతుంది, లైనర్లు పట్టు కోల్పోతాయి, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. మాడిన వాసన వచ్చేసరికే సగం బ్రేకు పోయిందని అర్థం. అటువంటి స్థితిలో మీరు రోజూ ఇంటికి చేరుతున్నారంటే అది అదృష్టం మీద నడుస్తున్న బండి, దయచేసి రేపటి నుండి అలా దిగవద్దు.

దిగే పద్ధతి ఇలా ఉండాలి. దిగుడు మొదలు కాకముందే, బండి ఇంకా సమంగా ఉన్నప్పుడే, గేరు తగ్గించుకోవాలి. సగం దిగాక వేగం పెరిగిన బండికి చిన్న గేరు పడదు, పడకపోతే న్యూట్రల్‌లో మిగిలిపోతారు. ఆ ఘాట్ ఎక్కేటప్పుడు లోడుతో ఏ గేరు పట్టిందో దిగేటప్పుడు దానికంటే పెద్ద గేరు వద్దని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇప్పటికీ మంచి మొదలే. కాకపోతే కొత్త ఇంజిన్లు బలమైనవి, పెద్ద గేరులోనే ఎక్కేస్తాయి కాబట్టి ఇంకొక గేరు తగ్గించడం మేలు. ఎగ్జాస్ట్ బ్రేకు బలం ఇంజిన్ తిరిగే వేగంతో పెరుగుతుంది. మీటరులో ముల్లు మరీ కింద ఉంటే అది ఉన్నా లేనట్టే, ఎర్ర గీత దాటితే ఇంజిన్‌కే ముప్పు. ఆ రెండింటి మధ్య పైభాగంలో ముల్లును ఉంచి, వేగం హద్దు దాటబోయినప్పుడు కాలి బ్రేకు గట్టిగా తొక్కి గంటకు ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. పొడుగునా పాదం ఆనించి దిగడమే డ్రమ్ములను కాల్చేది. క్లచ్ తొక్కినా న్యూట్రల్ చేసినా చక్రాలకూ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు ఆ క్షణమే పోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఇంకా ఉన్నారు. గేరులో దిగే బండికి ఇంజిన్ డీజిలే తీసుకోదు, న్యూట్రల్‌లో ఉన్న ఇంజిన్‌కు మాత్రం తిరుగుతూ ఉండటానికి డీజిల్ కావాలి. మిగిలేది ఏమీ లేకపోగా ప్రాణం పందెంలో పెడుతున్నారు.

ఒక జాగ్రత్త మరువకండి. ఈ బ్రేకు ఇంజిన్‌కు కలిసిన వెనుక చక్రాల మీదే పనిచేస్తుంది. వర్షాకాలంలో అనంతగిరి మలుపులు తుంపరతో, పొగమంచుతో జారుగా ఉన్నప్పుడు, అందులోనూ బండి ఖాళీగా ఉంటే, వెనుక చక్రాలు జారి బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. అటువంటి రోజున స్విచ్ ఆపి, చిన్న గేరులో, తక్కువ వేగంతోనే దిగాలి.

ప్రశ్న: మాది పాత బీఎస్ 3 లారీ. ఎగ్జాస్ట్ బ్రేకు కొన్నాళ్లుగా పట్టడం లేదు, ఈ మధ్య పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు బండి లాగడం కూడా తగ్గి నల్లటి పొగ వస్తోంది. రెండింటికీ సంబంధం ఉందా?
లారీ యజమాని, చోడవరం

జవాబు: ఉండవచ్చు, చూడటానికి పది నిమిషాలు చాలు. ఒక లారీకి ఇదే జబ్బు వస్తే ఎయిర్ ఫిల్టరు మార్చారు, డీజిల్ ఫిల్టరు మార్చారు, పంపు విప్పి కాలిబ్రేషన్‌కు పంపారు, నెల రోజుల సంపాదన పోయింది. చివరకు బండి కింద పడుకుని గాలి సిలిండరు నుండి రేకు ఇరుసుకు వచ్చే చిన్న లివరును చేత్తో పట్టి చూశాను. కదలలేదు. రేకును వెనక్కి లాగే స్ప్రింగు విరిగిపోయి ఉంది, ఇరుసు చుట్టూ మసి బొగ్గు పెళ్లలా గట్టిపడి రేకు సగం మూసుకున్న చోటే బిగుసుకుపోయింది. అది పూర్తిగా మూసుకోదు కాబట్టి బ్రేకు పట్టదు, పూర్తిగా తెరుచుకోదు కాబట్టి పొగకు దారి లేక ఇంజిన్ ఊపిరాడక నల్లగా కక్కుతుంది.

ఇంజిన్ బాగా చల్లారాక ముందు లివరును, పిన్నును విడదీసి ఇరుసు చేతితో తిరుగుతుందో లేదో చూడండి. బిగుసుకుని ఉంటే వేడికి తట్టుకునే తుప్పు వదిలించే ద్రవం వేసి, కాసేపు నాననిచ్చి, అటూ ఇటూ మెల్లగా కదిలించాలి, సుత్తితో కొడితే ఇరుసు వంగుతుంది. మామూలు గ్రీజు పెట్టవద్దు, ఆ వేడికి అది మాడి మళ్లీ అదే పెళ్ల కడుతుంది. ఇరుసు బాగానే ఉంటే గాలి గొట్టంలో, సిలిండరు సీలులో లీకు వెతకండి. మానిఫోల్డు ప్యాకింగ్ పోయి పొగ పక్కకు కారుతున్నా బ్రేకు బలం తగ్గుతుంది. అన్నీ సరిచేశాక, అవసరం ఉన్నా లేకపోయినా రోజుకు ఒకటి రెండుసార్లు ఆ బ్రేకు వేయడం అలవాటు చేసుకోండి. వాడని రేకే బిగుసుకుంటుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మాకు రెండు ట్రైలర్లు ఉన్నాయి, ఒకటి పోర్టు నుండి దగ్గరి గోదాములకు కంటైనర్లు తోలుతుంది, రెండవది రాయపూర్ లైనులో తిరుగుతుంది. పోర్టు బండి రోజంతా కలిపి 40 కిలోమీటర్లు తిరగదు, మిగతా సమయమంతా వరుసలో నిలబడటమే. దానికి వారం పది రోజులకొకసారి డీపీఎఫ్ లైటు వెలిగి, ఆ తర్వాత పికప్ పడిపోతోంది. ఒక మెకానిక్ డీపీఎఫ్ కోసేసి సాఫ్ట్‌వేర్ మారుస్తానంటున్నాడు. చేయించవచ్చా?
ట్రైలర్ల యజమాని, షీలానగర్

జవాబు: చేయించవద్దు. కారణాలు చివర చెబుతాను. ముందు మీ రెండు బండ్లలో ఒకదానికే ఈ బాధ ఎందుకు వచ్చిందో చూద్దాం, మీ ఉత్తరంలోనే జవాబు ఉంది.

డీపీఎఫ్ లోపల తేనెపట్టులా సన్నటి గదులున్న పింగాణీ వంటి దిమ్మ ఉంటుంది. పక్కపక్క గదులలో ఒకదానికి ముందు వైపు, మరొకదానికి వెనుక వైపు మూత వేసి ఉంటుంది కాబట్టి, పొగ ఒక గదిలో దూరి, గోడలోని సూక్ష్మ రంధ్రాల గుండా పక్క గదిలోకి వెళ్లి బయటపడాలి. మసి గోడకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. అది పేరుకుపోకుండా కాలిపోవాలి. కాలడానికి రెండు దారులున్నాయి. బండి లోడుతో సాగుతూ పొగ 250 నుండి 400 డిగ్రీల వరకు వేడిగా ఉంటే, ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్టులో, అంటే పొగలో రసాయన మార్పు తెచ్చే పూత ఉన్న దిమ్మలో, పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ ఆ మసిని డ్రైవరుకు తెలియకుండానే మెల్లగా తినేస్తుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటరు కొంత డీజిల్‌ను అదనంగా పొగలోకి పంపి, క్యాటలిస్టు మీద మండించి, వేడిని 600 డిగ్రీల దగ్గరకు తెచ్చి మసిని కాల్చేస్తుంది. దీనినే రీజెన్ అంటున్నాం. ఏ పని లేకుండా గుడగుడమంటూ నిలబడిన ఇంజిన్ పొగ ఈ వేడికి దరిదాపుల్లోకి రాదు. మీ రాయపూర్ బండి సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడే తన మసిని తానే కాల్చుకుంటోంది. పోర్టు బండి వరుసలో నిలబడి మసి పోగుచేసుకుంటోంది, దానిని కాల్చే అవకాశం దానికి రోజు మొత్తంలో దొరకడం లేదు.

అందువల్ల నేను చెప్పే మొదటి మందు డబ్బు ఖర్చు లేనిది. రెండు బండ్లను వారం వారం మార్చి తోలండి. అది కుదరకపోతే వారానికి రెండుసార్లయినా పోర్టు బండికి అనకాపల్లి వైపు జాతీయ రహదారి మీద లోడుతో ఒక ట్రిప్పు ఇవ్వండి, ఆగకుండా 40 నిమిషాలు సాగితే చాలా వరకు పని జరుగుతుంది. లైటు వెలిగిన మొదటి దశలోనే ఇది చేయాలి. లైటు కొట్టుకోవడం మొదలై, చెక్ ఇంజిన్ లైటు కూడా కలిసి, బండి బలం తగ్గిందంటే మసి హద్దు దాటుతోందని అర్థం. అప్పుడు నిలబెట్టి రీజెన్ చేయాలి, ఇంకా ఆలస్యమైతే షెడ్డులో స్కానరు పెట్టి చేయించవలసి వస్తుంది. మరీ మసి నిండిన వడపోతలో ఒక్కసారిగా మంట అంటుకుంటే లోపలి దిమ్మ కరిగి పగిలే ప్రమాదం ఉంది, అందుకే ఆ దశలో కంప్యూటరే రీజెన్‌ను ఒప్పుకోదు. మొదలైన రీజెన్‌ను తొందరపడి ఆపేయడం కూడా మంచిది కాదు. కాలకుండా మిగిలిన డీజిల్‌లో కొంత, కొన్ని ఇంజిన్లలో, సంపులోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఆయిల్ గేజు పుల్ల మీద మట్టం పెరుగుతూ కనిపిస్తే సంతోషించకండి, డీజిల్ కలుస్తోందని అనుమానించండి.

వరుసలో ఇంజిన్ ఆపమని డ్రైవరును గద్దించడం సులువే. కానీ మే నెలలో, విశాఖ ఉక్కపోతలో, ఇనుప క్యాబిన్‌లో గంటల తరబడి కూర్చునే మనిషిని ఫ్యాను లేకుండా కూర్చోమనడం న్యాయం కాదు. 2025 అక్టోబర్ 1 నుండి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, చేయవలసిన పనే. అయితే ఇంజిన్ నడిస్తేనే ఆ ఏసీ నడుస్తుంది. బండ్లను గేటు దగ్గర గుమిగూడనివ్వకుండా సమయం ఇచ్చి పిలవడం, నిలిచే చోట నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం అక్కడి యాజమాన్యాల బాధ్యత అని నా గట్టి అభిప్రాయం. డ్రైవరు దిగి నీడలో కూర్చోగలిగితే ఇంజిన్ దానంతటదే ఆగుతుంది.

ఇంకొకటి చూడండి. పోర్టు పరిసరాల్లో బొగ్గు, ఖనిజాల దుమ్ము ఎయిర్ ఫిల్టరును తొందరగా మూసేస్తుంది. గాలి చాలని ఇంజిన్ మసి ఎక్కువ కక్కుతుంది. కారుతున్న ఇంజెక్టరు, టర్బో నుండి ఇంటర్‌కూలరుకు వెళ్లే గొట్టానికి చీలిక, టర్బో సీలు పోయి పొగలోకి ఆయిల్ కారడం, వీటిలో ఏది ఉన్నా రీజెన్ ఎన్నిసార్లు చేసినా లైటు మళ్లీ వెలుగుతుంది.

ఇక కోసేయడం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని అలా మార్చడం నిషిద్ధం. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధిస్తుంది. వారంటీ పోవడం ఎలాగూ ఉన్నదే. అయితే నేను వద్దనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. పాతనగరంలో డాబాల మీద నల్లటి పొడి తుడుచుకునే ఇళ్లలో ఇప్పటికే పిల్లలు ఏం పీలుస్తున్నారో మనకు తెలుసు. ఆ వరుసలో మీ బండి వెనుక బండిలో కూర్చునేది కూడా మీలాంటి వారి డ్రైవరే.

ప్రశ్న: అన్నగారూ, మా ఆయన సొంత లారీ నడుపుతారు. మొన్న ఇంటి ముందు నిలిపి రీజెన్ అని స్విచ్ నొక్కి అరగంటకు పైగా ఇంజిన్ పెద్ద శబ్దంతో నడిపారు. ఘాటు వాసన వచ్చింది. పొగగొట్టం దగ్గరున్న వేపకొమ్మ ఆకులు కమిలిపోయాయి. పిల్లలున్న ఇల్లు, ఇది ప్రమాదమా?
గృహిణి, మల్కాపురం

జవాబు: అమ్మా, పని తప్పు కాదు, చోటు తప్పు. నిలబెట్టి చేసే రీజెన్‌లో వడపోత లోపల వేడి 600 డిగ్రీల దగ్గరకు వెళుతుంది, గొట్టం చివర వచ్చే గాలి ఆకులను మాడ్చగలదు, ఎండుగడ్డిని అంటించగలదు. మీరు చూసిన వేపకొమ్మ బదులు అక్కడ తాటాకు పాక ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ ప్రాంతంలో పెట్రోలు, డీజిల్ ట్యాంకర్లు నిలిచే చోట్లు కూడా చాలా ఉన్నాయి, వాటి దగ్గర ఈ పని అసలు చేయకూడదు.

మీ ఆయనతో ఇలా చెప్పండి. ఊరి బయట, మట్టి లేదా కాంక్రీటు నేల మీద, గొట్టం చుట్టూ నాలుగు వైపులా ఖాళీ ఉన్న చోట, గాలి ఆడే బయలులో చేయాలి, మూసిన షెడ్డులో చేయకూడదు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, ట్యాంకులో డీజిల్ తగినంత ఉండాలి, ఇంజిన్ ముందే వేడెక్కి ఉండాలి. మధ్యలో క్లచ్ తొక్కితే చాలా బండ్లలో రీజెన్ ఆగిపోతుంది. అది పూర్తయ్యేదాకా బండిని వదిలి టీకి వెళ్లకూడదు. అయిపోయాక ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా తిరగనిస్తే టర్బో చల్లారుతుంది. ఆ తర్వాత కూడా గంటసేపు పిల్లలను బండి కిందికి, గొట్టం దగ్గరకు పోనివ్వకండి.

ప్రశ్న: బెల్లం లోడ్లు తోలే లారీ మాది. డెఫ్ బకెట్లు ఖరీదుగా ఉన్నాయి. పొలానికి వాడే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోదా?
లారీ యజమాని, అనకాపల్లి

జవాబు: సరిపోదు. డెఫ్ అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగగొట్టంలో చల్లే ద్రవం. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు ఉంటాయి. ఎరువు యూరియాలో ఉండే బైయురెట్ అనే మలినం, కుళాయి నీటిలోని కాల్షియం ఇంజెక్టరు మూతి దగ్గర తెల్లటి పెళ్లగా గట్టిపడి, డెఫ్ పనిచేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్టును చంపుతాయి. మిగిల్చిన బకెట్ల డబ్బు కంటే ఆ ఖర్చు ఎన్నో రెట్లు. కొన్న డెఫ్‌ను కూడా ఎండలో పెట్టకండి. ప్రమాణాల ప్రకారం 30 డిగ్రీల లోపు నిల్వ చేస్తే ఏడాది, 35 డిగ్రీలలో ఆరు నెలలు మాత్రమే నిలుస్తుంది. రేకుల షెడ్డు కింద అది ఇంకా తొందరగా పాడవుతుంది. డీజిల్ పోసిన గరాటును డెఫ్‌కు వాడవద్దని క్లీనరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: గురువుగారూ, నేను గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్‌ను. ఇక్కడ కొందరు డీపీఎఫ్ విప్పి, ప్రెషర్ పంపుతో సబ్బునీళ్లు కొట్టి కడుగుతున్నారు. కడిగాక కొన్నాళ్లు బాగుండి మళ్లీ మూసుకుపోతోంది. సరైన పద్ధతి చెప్పగలరు.
మెకానిక్, గాజువాక

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నకు ముందొక ప్రశ్న ఉంది. ఆ వడపోత నిజంగా నిండిందా? ఒక షెడ్డులో డీపీఎఫ్ చచ్చిందని తేల్చేశారు, యజమాని కొత్తదానికి అప్పు చేయడానికి సిద్ధపడ్డాడు. డీపీఎఫ్‌కు ముందు, వెనుక నుండి రెండు సన్న గొట్టాలు ప్రెషర్ సెన్సరుకు వెళతాయని నీకు తెలుసు. స్కానరు పెట్టి ఇంజిన్ రేజ్ చేసినా ఆ సెన్సరు అంకె సున్నా దగ్గర నుండి కదలలేదు. ముందు వైపు గొట్టాన్ని వేలితో వంచితే, క్లాంపుకు కాస్త కింద, గోరంత పొడవు చీలిక నోరు తెరిచింది. వేడికి రబ్బరు ఎండిన చింతకాయ పెచ్చులా పెళుసైపోయి ఉంది. కంప్యూటరు ఆ అంకెను నమ్మక రీజెన్ ఆపేసి, బండి బలం తగ్గించింది. గొట్టం మార్చి, ఒకసారి రీజెన్ చేస్తే బండి దారిన పడింది. కాబట్టి విప్పే ముందు ఇగ్నిషన్ తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడు, అంకె సున్నా ఉండాలి. రేజ్ చేస్తే పెరగాలి.

నిజంగా నిండితే, అందులో ఉన్నది మసా, బూడిదా అన్నది తేల్చుకో. మసి కాలిపోతుంది. బూడిద కాలదు, అది ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింకు వంటి పదార్థాల నుండి వచ్చినది, ఎన్ని రీజెన్లు చేసినా అక్కడే ఉంటుంది. దానికి నీళ్లు కొడితే గదుల అడుగున సిమెంటులా గడ్డకడుతుంది, క్యాటలిస్టు పూత కూడా కొట్టుకుపోతుంది. పైపైన మసి పోయి కొన్నాళ్లు బాగున్నట్టు కనిపిస్తుంది, నువ్వు చూస్తున్నది అదే. సరైన పద్ధతిలో దిమ్మను ముందు తూకం వేసి, మూసిన పెట్టెలో బయటి వైపు నుండి పొడి గాలి కొట్టి, ఓవెన్‌లో నెమ్మదిగా వేడి పెంచి 600 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, అంతే నెమ్మదిగా చల్లార్చి, మళ్లీ గాలి కొట్టి, మళ్లీ తూకం వేస్తారు. తూకంలో తేడాయే పని జరిగిందని సాక్ష్యం. ఆ యంత్రం లేని షెడ్డు ఆ పనికి పూనుకోకుండా, ఉన్నవారికి పంపడమే నిజాయితీ. ఆ బూడిదను పీల్చకూడదు, మాస్కు లేకుండా ముట్టుకోకు.

దిమ్మ బాగుందో లేదో చూడటానికి ఒక వైపు నుండి టార్చి వేసి రెండవ వైపు చూడు. గదులకు ఎదురెదురు మూతలుంటాయి గనుక వెలుతురు కనబడకూడదు, కనబడిందంటే పగిలినట్టే. బండి మీద ఉండగానే చూడాలంటే చల్లారిన పొగగొట్టం చివర లోపలి వైపు వేలు రాసి చూడు. బీఎస్ 6 బండికి వేలు దాదాపు శుభ్రంగా రావాలి, కాటుకలా నల్లగా అంటుకుంటే వడపోత మసిని వదిలేస్తోంది. యజమానికి ఆయిల్ గురించి కూడా చెప్పు. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌కు పెట్టిన సీకే-4 ప్రమాణంలో బూడిదకు 1 శాతం హద్దు పెట్టారు. పాత బండికి మిగిలిన ఆయిల్ డబ్బా తెచ్చి ఇందులో పోస్తే వడపోత ముందుగానే నిండుతుంది.

బిగించేటప్పుడు పాత ప్యాకింగులు, క్లాంపులు మళ్లీ వాడకు, అక్కడ కారిన పొగ పక్కనున్న వైర్లను కాలుస్తుంది. దిమ్మ మీద బాణం గుర్తు పొగ పారే వైపు ఉందో లేదో చూడు. చివరగా స్కానరులో బూడిద లెక్కను సున్నా చేయడం మరచిపోకు. అది చేయకపోతే వడపోత ఇంకా నిండుగానే ఉందనుకుని కంప్యూటరు వారం తిరగకుండా మళ్లీ లైటు వెలిగిస్తుంది. శుభ్రం చేయకుండా ఆ లెక్క మాత్రం సున్నా చేసి పంపితే, నిండిన వడపోతను ఖాళీదనుకుని అది రీజెన్ మొదలుపెడుతుంది, దిమ్మ కరిగేది అప్పుడే.